నా పేరు విజయ అని చెప్పడానికి రెండుసార్లు పరీక్ష రాశాను

నిన్న సాయంత్రం రిజల్ట్ వచ్చింది. జర్మన్ ఏ1, అంటే ఆ భాషలో మొదటి మెట్టు పరీక్ష, వందకు 81. పాస్ కావడానికి 60 చాలు. ఈ సంతోషంలో మొదటిసారి జరిగింది మర్చిపోతానేమోనని ఇప్పుడే రాస్తున్నా. మొదటిసారి నాకొచ్చింది 57.

మా ఆయన చాలా ఏళ్లుగా జర్మనీలో ఉంటున్నాడు, అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. వీసాకి నన్ను ఏ1 సర్టిఫికెట్ అడిగారు. ఆయన ఆఫీసులోనే బ్లూ కార్డు (పెద్ద చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకు ఇచ్చే పర్మిట్) మీద పనిచేసే ఇంకో తెలుగబ్బాయి భార్య ఈ పరీక్ష ఊసే లేకుండా విమానం ఎక్కింది. బ్లూ కార్డు వాళ్ల భార్యలకు మినహాయింపు ఉందట. వాళ్ల సొంత పౌరుడి పెళ్లానికే పరీక్ష! ఇదెక్కడి న్యాయమో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

హనుమకొండలో వీసా కాగితాలు చూసే ఒకాయన దగ్గరికి వెళ్తే, "ఏ1 అంటే ఎల్‌కేజీ అమ్మా, ఫోన్‌లో యాప్ వేసుకో, సరిపోతది" అన్నాడు. ఆ ఒక్క మాటకు రెండు వేలు తీసుకున్నాడు. యాప్ ఇచ్చే సర్టిఫికెట్ వీసాకి పనికిరాదని, గోథె, టెల్క్, ఓఎస్‌డీ లాంటి సంస్థల పరీక్ష రాసి తెచ్చుకోవాలని మాత్రం చెప్పలేదు. అది మా ఆయన ఫోన్ చేసి చెప్తేనే తెలిసింది. ఆ రెండు వేలు నాకు ఇంకా మంటే.

యాప్ మాత్రం మహా సరదాగా ఉండేది. రోజూ అరగంట. బొమ్మ చూసి పదం నొక్కడం, కలగాపులగంగా ఇచ్చిన పదాల్ని వరసలో పెట్టడం. తప్పు నొక్కితే బుయ్యిమంటుంది, ఒప్పు నొక్కితే గంట మోగుతుంది. 214 రోజులు ఒక్క రోజు కూడా తప్పకుండా చేశాను. మా పిన్ని కూతురి పెళ్లిలో అప్పగింతల దగ్గర అందరూ ఏడుస్తుంటే, నేను కల్యాణమండపం వెనక నిలబడి పన్నెండు దాటకముందే పాఠం పూర్తి చేశాను. యాప్‌లో నేర్చుకునేవాళ్ల మధ్య పెట్టే పోటీలో, అదే లీగ్‌లో, ఫస్ట్ వచ్చినప్పుడు ఆ స్క్రీన్ ఫొటో మా ఆయనకు పంపాను కూడా. మైకులో మాట్లాడే పాఠాలు కూడా ఉండేవి. ఒకసారి నేను నోరు తెరవకముందే మా అమ్మ వెనక నుంచి "బియ్యం కడిగినవా బిడ్డా" అంది. యాప్ దానికి కూడా గంట కొట్టి, పచ్చగా టిక్కు పెట్టింది. అప్పుడే అనుమానం రావాల్సింది. నవ్వుకుని ఊరుకున్నా.

పరీక్ష రోజు హైదరాబాద్‌లో వినడం, చదవడం, రాయడం ఏదో అయిపోయాయి. వినేదాంట్లో 54ని వాళ్లు "నాలుగూ యాభై" అన్నట్టు తిప్పి చెప్తారు, ధరల దగ్గర ఒకటి పోయింది. రాసేదాంట్లో ముప్పై పదాల ఉత్తరం. వేలితో నొక్కడమే తప్ప పెన్నుతో జర్మన్ ఎప్పుడూ రాసిన పాపాన పోలేదు, అయినా గట్టెక్కాను.

తర్వాత మాట్లాడే పరీక్ష. టేబుల్‌కి అటువైపు ఇద్దరు, ఇటువైపు మేం నలుగురం. ముందు పరిచయం చేసుకోవాలి. "ఇష్ హైసె విజయ, ఇష్ కొమ్మె ఔస్ ఇండియెన్" (నా పేరు విజయ, మాది ఇండియా) అని బట్టీ పట్టింది గడగడా అప్పజెప్పాను. టీచరమ్మ నవ్వి, పేరు స్పెల్లింగ్ చెప్పమంది. అడిగింది అదేనని కూడా పక్కబ్బాయి వేలితో గాల్లో అక్షరాలు రాసి చూపిస్తేనే తెలిసింది.

214 రోజుల్లో ఆ యాప్ నాతో ఒక్కసారి కూడా ఏబీసీడీలు పలికించలేదు. నేను ఇంగ్లిష్‌లోనే "వి, ఐ, జె..." అని మొదలుపెట్టాను. జర్మన్‌లో అవేవీ పనికిరావు. ఇంగ్లిష్ ఏ వాళ్లకు ఆ. మనం ఏ అంటే వాళ్లు E అని రాసుకుంటారు. ఐ (I) వాళ్లకు ఈ. వి అంటే ఫౌ, జె అంటే యోట్, వై అంటే ఉప్సిలోన్. నా పేరులో సరిగ్గా ఇవే ఉన్నాయి, ఏ సీత పేరో పెట్టినా ఇన్ని తిప్పలు ఉండేవి కావు.

నేను జె దగ్గర ఆగిపోతే ఆవిడ పాపం సాయం చేద్దామని "యోట్?" అంది. నాకేమో ఏదో తాగుతావా అని అడిగినట్టు వినిపించింది. మర్యాదగా "నైన్, డాంకె" అన్నాను. వద్దండీ, థాంక్స్ అని. పక్కబ్బాయి దగ్గినట్టు నటించాడు. ఆవిడ తల వంచుకుని కాగితం మీద ఏదో రాసుకుంది. నా చెవులు వేడెక్కిపోయాయి.

అక్కడి నుంచి అన్నీ జారుడే. 'తినడం, తాగడం' అన్న కార్డు ఇచ్చి, అందులో ఉన్న పదంతో పక్కవాళ్లను ఒక ప్రశ్న అడగమన్నారు. పదం 'మాంసం'. అర్థం తెలుసు, ఫోటో కనిపిస్తే క్షణంలో నొక్కేస్తాను. ప్రశ్న మాత్రం నోట్లోంచి రాదు. నిజం చెప్తున్నా, కార్డు కింద పదాల పలకలు ఉంటాయేమోనని తిప్పి చూశాను. వెనకంతా తెల్లగా ఉంది. మాట్లాడేదానికి పాతిక మార్కులుంటే నాకు ఐదు వచ్చాయి. మిగతావాటిలో వచ్చిన 52తో కలిపితే మొత్తం 57. మళ్లీ మొత్తం రాయాల్సిందే. తిరుగు ప్రయాణంలో కాజీపేట దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత యాప్ తీసేశాను అని రాస్తే బాగుండేది కానీ తీయలేదు. పదాలకు అది మంచిదే. నోటికి మాత్రం మనిషే కావాలి. తమ్ముడు వంటింటి సామాన్ల మీద చీటీలు అంటించాడు. స్పూను పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం. అమ్మ చీటీ చూసి "ఏందే, చెంచా మొగోడా?" అంది. జర్మన్‌లో అమ్మాయి అనే మాట కూడా నపుంసకమే అంటే తమ్ముడు పడీపడీ నవ్వాడు. నవ్వడానికేముంది, మనం మాత్రం అమ్మాయి వచ్చింది, కుర్చీ విరిగింది అనమా? ఇంకో సంగతి, గొప్ప అనుకోకపోతే చెప్తాను. హ్రస్వం, దీర్ఘం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ష్టట్ అంటే ఊరు, ష్టాట్ అంటే దేశం. రెండోసారి పరీక్షలో నా ఉచ్చారణ బాగుందని ఆ టీచరమ్మే అంది.

అక్షరాలు మాత్రం బస్టాప్‌లో నేర్చుకున్నాను. వచ్చిన ప్రతి బండి నంబరు ప్లేటునూ పైకి చదవడం. టీఎస్ 03 అంటే తే, ఎస్, నుల్, డ్రై. మన ఆర్టీసీ సొంత బస్సుల నంబర్లలో జెడ్ ఉంటుంది కదా, అది త్సెట్. మొదటి వారం బస్టాప్‌లో వాళ్లు నాకు గాలి సోకిందేమోనన్నట్టు చూశారు. రెండు నెలలు ఇదే పని. మీరు ఏ1 రాస్తుంటే కోచింగ్ కంటే ముందు ఇది చేయండి, పైసా ఖర్చు లేదు. మీ పేరు, మీ ఫోన్ నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. ఆ రెండు వేల పెద్దమనిషి దగ్గరికి మాత్రం పోకండి.

రెండోసారి స్పెల్లింగ్ అడగ్గానే ఫౌ, ఈ, యోట్, ఆ, ఉప్సిలోన్, ఆ అని గట్టిగానే చెప్పాను. యోట్ అయితే మరీ గట్టిగా.

ఇక వీసా అపాయింట్‌మెంట్ కోసం చూస్తున్నా. పొద్దున జిరాక్స్ తీయించడానికి చెప్పులేసుకుంటుంటే అమ్మ గేటు దగ్గర నుంచి కేకేసింది. "జల్ది రాయే, నీ త్సెట్ బస్సు పోతాంది!"