చెవిలో రెండో ఆపరేషన్: నా అనుభవం

ఏడేళ్లు చక్కగా పనిచేసిన నా కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి లేనివారికి ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే పరికరం) ఒక్కరోజులో ఆగిపోలేదు. ముందు మాటల్లో 'స', 'ష' జారిపోయాయి. తర్వాత ఉన్నట్టుండి టప్‌మని శబ్దం, దాంతోపాటే కనురెప్ప అదరడం. చెవి బయట పెట్టుకునే భాగాల్లో కేబుల్ మార్చాం, కాయిల్ మార్చాం, శబ్దాన్ని అందుకునే ప్రాసెసర్ కూడా వేరేది పెట్టి చూశాం. తేడా లేదు. అంటే లోపం బయట లేదు, చర్మం కింద ఉంది.

మొదటి పరీక్షలో ఇంపీడెన్స్ (లోపలి తీగలో కరెంటుకు ఎంత అడ్డు ఉందో చూపే కొలత) అంకెలు బాగానే వచ్చాయి. లోపమేమీ లేదు, అంతా మీ అనుమానమే అన్నారు పరీక్ష చేసినవాళ్లు. ఆ మాటకు చాలా బాధపడ్డాను. ఆ రోజు నుంచి నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను: శబ్దం ఎప్పుడు తెగింది, ఎంతసేపు, ఏ మాట అందలేదు. మా అమ్మాయి పెదాలు నాకు కనిపించకుండా నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనేది. నేను సరిగ్గా చెప్పినదానికి టిక్కు పెట్టేది. రెండు నెలల్లో ఆరు టిక్కులు మూడయ్యాయి. ఆ పేజీలు చూశాకే ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) మళ్లీ పరీక్షలు చేయించారు. లోపలి పరికరమే చెడిపోతోందని అప్పుడు తేలింది. మీకూ ఇలాంటి ఇబ్బంది ఉంటే దయచేసి రాసిపెట్టుకోండి. అంకెలు బాగున్నా వినికిడి బాగుండకపోవచ్చు.

సర్జన్ బొమ్మ గీసి వివరించారు. కాక్లియాలో, అంటే లోపలి చెవిలోని నత్తగుల్లలాంటి భాగంలో, పాత ఎలక్ట్రోడ్ తీగ చుట్టూ సన్నటి పొర గొట్టంలా ఏర్పడుతుందట. పాతది లాగిన వెంటనే అదే దారిలో కొత్తది పంపాలి, లేకపోతే దారి మూసుకుపోవచ్చు. అందుకే కొత్త పరికరం అమర్చి సిద్ధం చేసుకున్నాకే పాత తీగను కదుపుతామన్నారు.

మెలకువ వచ్చేసరికి నర్సు నా ఎదురుగా నిలబడి ఉంది. తను నవ్వి, కళ్లు గట్టిగా మూసి, నన్నూ అలాగే చేయమని సైగ చేసింది. చెవి దగ్గరగా వెళ్లే ముఖ నరం ఆపరేషన్ తర్వాత క్షేమంగా ఉందో లేదో చూడటానికి. నవ్వాను. ఆమె బొటనవేలు పైకెత్తింది. తల రెండు రోజులు తిరిగింది, తగ్గిపోయింది.

కష్టమంతా తర్వాతి నాలుగు వారాలది. కుట్లు మానేదాకా కొత్త పరికరం ఆన్ చేయలేదు. మొదటిసారి పుట్టు నిశ్శబ్దంలోంచి వచ్చాను కాబట్టి ఎదురుచూపు తెలియలేదు. ఈసారి ఏం పోయిందో తెలుసు. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

ఆన్ చేసిన రోజు అందరి గొంతులూ ఈల వేసినట్టే వినిపించాయి. పాత మ్యాప్ (ఏ శబ్దానికి ఎంత కరెంటు ఇవ్వాలో నా వినికిడికి తగ్గట్టు చేసే అమరిక) పనికిరాలేదు, మొదటినుంచి సరిచేసుకుంటూ వచ్చారు. మూడో మ్యాపింగ్ తర్వాత 'ష్' వచ్చింది. 'స్' ఇంకా రాలేదు. రోజూ సాయంత్రం మా అమ్మాయి కాగితం అడ్డం పెట్టుకుని కూర్చుంటోంది.