బోర్డు మీద కలివి కోడి

మన బడి పాత విద్యార్థులు కలిసే రోజుకు తెస్తున్న సావనీరుకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. 1986 బ్యాచ్ నుంచి ఇంకా ఒక్కరూ పంపలేదట. రేగ్గాయల బ్యాచ్ పరువు కోసమైనా రాయాల్సిందే.

చింతచెట్టు పంచాయితీ, వార్షికోత్సవం రోజు మైసూరుపాకు చేసిన ఘనకార్యం, హిందీ అయ్యవారి సైకిలు... అవన్నీ మిగతావాళ్లు రాయండి. నేను సైన్సు సారు వేసిన కలివి కోడి అనే పిట్ట బొమ్మ గురించి రాస్తాను.

పదో తరగతి, సంక్రాంతి సెలవులు అయిపోయిన రోజులు. రెడ్డిపల్లి పక్క అడవిలో ఐతన్న అనే ఆయన ఆ పిట్టను పట్టాడని ఊరంతా చెప్పుకుంటున్నారు. సారు క్లాసులోకి వస్తూనే పాఠం పక్కన పెట్టేశారు. 1848లో పక్షుల శాస్త్రవేత్త జెర్డాన్ దొర కనుగొన్న పిట్ట అది, 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు, లోకమంతా అంతరించిపోయిందనుకుంటే మన కడప జిల్లా లంకమల కొండల కింద బతికే ఉంది అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికింది. మీకూ గుర్తుండే ఉంటుంది.

తర్వాత బోర్డంతా నింపి బొమ్మ వేశారు. కంటి మీద తెల్ల గీత సుద్దముక్కతో, రొమ్ము మీద రెండు పట్టీలు, గొంతు మచ్చ ఇటుక ముక్కతో. కాళ్లు వేసే పని పొట్టోడికి ఇచ్చారు. వాడు కోడికి వేసినట్టు వెనక వేలు కూడా వేస్తే తుడిచేసి, "దీనికి మూడే వేళ్లురా, పరిగెత్తే పిట్ట ఇది" అన్నారు. వారం పాటు ఆ బొమ్మను చెరపనివ్వలేదు. పబ్లిక్ పరీక్షల టెన్షన్‌లో ఉన్న లెక్కల సారు మూలన మిగిలిన జాగాలోనే లెక్కలు చేయించారు.

డిగ్రీ, బెంగళూరు, పెళ్లి అన్నీ అయ్యాక నేను మళ్లీ లంకమల కిందికే వచ్చాను. 1988లోనే దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. పిట్టేమో రాత్రి తిరిగేది, మనిషి అలికిడి తగిలితే పొదల్లో మాయమవుతుంది. అందుకని దాన్ని వెతికే సర్వేలో మట్టిని జల్లించి, దారిలో పట్టీలా పరిచి, చదును చేసి వస్తాం. తెల్లవారాక వెళ్లి దానిమీద పడిన అడుగులు చూస్తాం. మొదటిరోజే మూడు వేళ్ల సంగతి నేను చెబితే, నీకెలా తెలుసని సర్వే వాళ్లు అడిగారు. మా సైన్సు సారు చెప్పారన్నాను.

ఇప్పుడు నా పని ఎక్కువగా మనుషులతోనే. అడవి మరీ చిక్కబడినా ఈ పిట్ట ఉండదు, మరీ బోడిగా అయినా ఉండదు. కలివి, రేగు, తుమ్మ పొదల మధ్య ఖాళీ నేల కావాలి దానికి. కాబట్టి గొర్రెలోళ్లను పూర్తిగా తరిమేయమనే వాళ్లతో నేను ఒప్పుకోను. మితంగా మేపితేనే ఆ ఖాళీలు మిగులుతాయి. కట్టెలు కొట్టడానికి, మేపుకోవడానికి హద్దులు ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడుకుంటాం. ఒక్కో ఊళ్లో రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది, అయినా తెగదు.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలు ఆ పొదల్లోకి వచ్చినప్పుడు నిద్రపట్టలేదు. నీళ్లు వద్దని ఎవరూ అనలేదు, మన చేలకూ ఆ నీళ్లే కావాలి. పిట్టను తప్పించి పోనివ్వండి అనే అడిగాం. చాలామంది కష్టంతో ఆ పని ఆగింది, కాలువకు వేరే దారి చూశారు. ఆ చాలామందిలో నేనూ ఒకణ్ణి. మన బడి పిల్లాణ్ణని చెప్పుకోవడానికి నాకు అది చాలు.

కలిసే రోజు భోజనాలయ్యాక వ్యాను మాట్లాడాను. సారు కూడా వస్తానన్నారు. అడవి అంచు దాకా తీసుకెళ్లి మట్టి పట్టీలు చూపిస్తా. ముళ్లు ఎక్కువ, చెప్పులతో రావద్దు, బూట్లు వేసుకుని రండి. పొట్టోడు ముందు సీట్లో కూర్చోవాలి, సారు పక్కన.