యాసిడ్ తాగిన కేసు: ఒకే చాప్టర్‌ను నేను రెండుసార్లు చదివిన తీరు

నీట్ ఎస్‌ఎస్ (సూపర్ స్పెషాలిటీ సీట్ల ప్రవేశ పరీక్ష) సర్జరీ గ్రూప్‌కు చదువుతున్న వాళ్ల కోసం రాస్తున్నా. ఎంఎస్ అయ్యాక నల్గొండలో సీనియర్ రెసిడెంట్‌గా చేస్తూ రెండో అటెంప్ట్‌కు చదివాను. క్లాక్ టవర్ దగ్గర అద్దె గది, రోజు విడిచి రోజు డ్యూటీ, మిగిలిన గంటలే ప్రిపరేషన్. టైంటేబుల్ రాయను, ఒకరిది ఇంకొకరికి సరిపడదు. నా చదువు తీరు మారిన ఒక్క చాప్టర్ గురించే చెప్తా: కాస్టిక్ ఇంజురీ, అంటే యాసిడో క్షారమో తాగి లోపల కాలడం.

మొదటిసారి పట్టిక బట్టీ పట్టాను. యాసిడ్ అయితే కోయాగ్యులేషన్ నెక్రోసిస్ (కణజాలం గడ్డకట్టి చావడం), ఆల్కలీ అంటే క్షారమైతే లిక్విఫాక్షన్ (కరిగిపోయి చావడం). తర్వాత జర్గర్ గ్రేడ్లు, అంటే ఎండోస్కోపీలో ఎంత కాలినట్టు కనిపిస్తుందో 0 నుంచి 3బీ దాకా. 1991లో చండీగఢ్ పీజీఐ నుంచి వచ్చిన వర్గీకరణ కాబట్టి మన వాళ్లదే అన్న అభిమానంతో ఇంకాస్త గట్టిగా పట్టాను. ఒక మాక్ టెస్టులో ఎండోస్కోపీలో 3బీ, బీపీ బాగుంది, పొట్ట మెత్తగా ఉంది, తర్వాత ఏం చేస్తారు అని అడిగారు. లాపరాటమీ (పొట్ట తెరిచే ఆపరేషన్) అని పెట్టి ముందుకెళ్లిపోయా. జవాబు సీటీ స్కాన్. జవాబుల కీ తప్పని స్నేహితుడితో అరగంట వాదించాను కూడా. తప్పు నాదే. ఎండోస్కోప్‌కు కనిపించేది లోపలి పొర మాత్రమే. ఆ పొర నల్లబడితే గోడ మొత్తం చచ్చిందని కాదు. రంగు చూసి కోస్తే, నిలబడే అన్నవాహికను కూడా తీసేసే ప్రమాదం ఉంది.

ఇది బుర్రకెక్కింది మాత్రం ఒక రాత్రి క్యాజువాలిటీలో. దేవరకొండ వైపు నుంచి ఒకామెను తీసుకొచ్చారు. "మందు తాగింది సారూ, ఉప్పు నీళ్లు తాపి కక్కిచ్చినం" అన్నారు అటెండెంట్లు. మన దగ్గర ఏది తాగినా 'మందు' అనే అంటారు, పురుగుల మందైనా, గడ్డిమందైనా, బాత్రూం యాసిడైనా. నోటి చుట్టూ కాలిన గుర్తులు చూశాకే యాసిడ్ అని తెలిసింది. యాసిడ్ విషయంలో కక్కించడమే పెద్ద తప్పు, దిగినప్పుడు కాల్చిందే పైకొస్తూ మళ్లీ కాలుస్తుంది. విరుగుడు అని సోడానో నిమ్మరసమో పోయకూడదు. పురుగుల మందు అలవాటులో చేయి ట్యూబు మీదికి పోతుంది, స్టమక్ వాష్ ఇక్కడ చేయరాదు, చూడకుండా ట్యూబు దింపరాదు. ఆమె గొంతు బొంగురుపోతోంది. అంటే మొదటి పని ఎయిర్‌వే. అనస్తీషియా వాళ్లను లేపాం.

అప్పటి నుంచి ఈ చాప్టర్‌ను హెడ్డింగుల వారీగా కాకుండా గడియారం ప్రకారం చదివాను. మొదటి గంట: ఎయిర్‌వే, ఫ్లూయిడ్స్, ఏం తాగారు, ఎంత, కావాలనే తాగారా. నోట్లో పుండ్లు లేకపోతే లోపల బాగుందనుకోవద్దు, రెంటికీ లెక్క కుదరదు. 3 నుంచి 6 గంటల మధ్య: మెడ నుంచి పొట్ట దాకా కాంట్రాస్ట్ సీటీ, అంటే రక్తంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్. 2019లో వరల్డ్ సొసైటీ ఆఫ్ ఎమర్జెన్సీ సర్జరీ మార్గదర్శకాలు దీన్నే ముందు పెట్టాయి. కాంట్రాస్ట్ ఇచ్చాక కూడా గోడ వెలగకపోతే అక్కడ రక్తం ఆడట్లేదు, గోడ మొత్తం చచ్చింది. అదే ఎమర్జెన్సీ ఆపరేషన్‌కు సూచన. గోడ వెలిగితే, పేషెంట్ నిలకడగా ఉంటే, ఆగి కనిపెట్టుకుని ఉండాలి.

ఆమె సీటీలో అన్నవాహిక, స్టమక్ రెండూ వెలగలేదు. హైదరాబాద్ పంపాం. అక్కడి ఆపరేషన్ నోట్స్ తర్వాత చదివాను. ఏ గైడ్ కన్నా అదే ఎక్కువ నేర్పింది. ముందు బ్రాంకోస్కోపీ, శ్వాసనాళం కాలిందేమో చూడటానికి. మిడ్‌లైన్ లాపరాటమీ. స్టమక్ ముందు గోడ చూసి సరిపెట్టుకోకుండా లెస్సర్ సాక్ (స్టమక్ వెనక ఖాళీ) తెరిచి వెనక గోడ, డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం), పాంక్రియాస్ చూశారు. ఛాతీ తెరవకుండా, మెడ నుంచీ పొట్ట నుంచీ ట్రాన్స్‌హయాటల్‌గా అన్నవాహిక తీసి, స్టమక్ మొత్తం తీసి, మెడ దగ్గర ఈసోఫేగోస్టమీ (అన్నవాహిక పై కొసను చర్మం మీదికి తెరవడం), చివర ఫీడింగ్ జెజునోస్టమీ (చిన్నపేగులోకి ఆహారం పోసే పైపు). అన్నవాహికకు బదులు ఇంకోటి అదే రోజు అతికించరు. స్టమక్‌లో సగం ఉంచుదామన్న ఆశ కూడా పనికిరాదు, మిగిల్చిన ముక్క తర్వాత చచ్చిపోవచ్చు. అన్నవాహిక బాగుండి స్టమక్ ఒక్కటే పోతే మాత్రం టోటల్ గ్యాస్ట్రెక్టమీ చేసి అప్పుడే చిన్నపేగుతో కలపొచ్చు. ఈ తేడా మీద ప్రశ్న అల్లడం చాలా తేలిక.

రెండు నెలలకు ఆమె మళ్లీ మా ఓపీకి వచ్చింది. జెజునోస్టమీ పైపు మూసుకుపోయింది. వాళ్లాయన రాగి జావ వడకట్టకుండా పోశాడట. గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడిగితే తెరుచుకుంది. "అన్నం ఎప్పుడు తినుడు సారూ" అంది. పెద్దపేగును పైకి తెచ్చి కలిపే ఆపరేషన్‌కు సుమారు 6 నెలలు ఆగాలి, అప్పటికి ఒంట్లో బలం రావాలి, మానసిక వైద్యుడు కూడా సరేననాలి. ఇంకో నాలుగు నెలలన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "సంక్రాంతి దాటుతది" అంది.

మిగతాది త్వరగా చూసుకోవచ్చు. ఆపరేషన్ లేకుండా బయటపడ్డ వాళ్లలో కొన్ని వారాలకు స్ట్రిక్చర్ (అన్నవాహిక ఇరుకైపోవడం), దాన్ని సాగదీసే డైలటేషన్. యాసిడ్ కేసుల్లో పైలోరస్ (స్టమక్ చివరి ద్వారం) దగ్గర బిగుసుకుని తిన్నదంతా వాంతి. దశాబ్దాల తర్వాత అన్నవాహిక క్యాన్సర్ ముప్పు. స్ట్రిక్చర్ రాకుండా స్టెరాయిడ్ అనే ఆప్షన్ కనిపిస్తే దాటేయండి.

పాత ప్రశ్నల బ్యాంకుల్లో ఇప్పటికీ మొదటి జవాబు ఎండోస్కోపీ అనే ఉంటుంది. నేను పెట్టుకున్న లెక్క ఇది: ఆప్షన్లలో కాంట్రాస్ట్ సీటీ ఉండి పెద్దవాళ్ల కేసైతే సీటీ. చిన్నపిల్లలైనా, కిడ్నీ దెబ్బతిని కాంట్రాస్ట్ ఇవ్వలేకపోయినా, సీటీ చూశాక కూడా అనుమానం తీరకపోయినా ఎండోస్కోపీ, అది కూడా మొదటి 24 నుంచి 48 గంటల్లోపే. పొట్ట గట్టిపడి, ఫ్రీ ఎయిర్ (చిల్లు పడి బయటికొచ్చిన గాలి) కనిపిస్తే రెండూ కొట్టేసి థియేటర్ అని పెట్టండి.