మోకాట్లో చీము పడితే కెమెరాతో కడగడం

మోకాలు ఉబ్బి, వేడెక్కి, కొంచెం కూడా మడవనివ్వకపోతే, జ్వరం లేకున్నా చీమేమోనని అనుమానించాలి. ములుగు, భూపాలపల్లి దిక్కు ఊళ్లలో ఇట్లాంటి మోకాలికి ముందుగా పసరు కట్టో, ఆర్‌ఎంపీ సూదో పడుతుంది. అక్కడే ఆలస్యమవుతుంది. చీములోని ఎంజైములు కీలులోని మృదులాస్థిని రోజుల్లోనే తినేస్తాయి.

రోగి నిలకడగా ఉంటే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కీలులోని నీరు తీసి కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు, పంపాలి. ముందే మందు పడితే కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు. అప్పుడు గుడ్డిగా మందులు మార్చుకుంటూ పోవాల్సిందే. ఆ నీటిలో తెల్లకణాలు మైక్రోలీటరుకు 50,000 దాటితే అనుమానం బలపడుతుంది, తక్కువున్నా కొట్టిపారేయలేం.

ఆర్థ్రోస్కోపీకి, అంటే కీలులోకి కెమెరా పంపి చేసే ఆపరేషన్‌కు, మోకాలిచిప్ప కింద అటూ ఇటూ సెంటీమీటరంత గాట్లు రెండు చాలు: ఒకదాంట్లో కెమెరా, ఇంకోదాంట్లో షేవర్ (పొరలను గీకి లాగేసే పరికరం). చీము చిక్కగా ఉంటే చిప్పపైన బయటివైపు మూడో దారి తీస్తారు. మూడు లీటర్ల సెలైన్ సంచులు మూడైనా పోతాయి. ఉట్టి నీళ్లు పారించి బయటికి రావడం సగం పనే. గోడలకు అతుక్కున్న తెల్లటి పొరలు, చీము గదులు షేవర్‌తో తీయకపోతే మళ్లీ నిండుతుంది. మోకాలి వెనక భాగం మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు. ఆపరేషన్‌కు ముందు కాలికి రబ్బరు పట్టీ చుట్టి రక్తం పైకి పిండకూడదు, చీము కూడా పైకి పోవచ్చు. లోపలి పొర ముక్కను టీబీ పరీక్షకూ పంపడం మన దగ్గర తప్పనిసరి అనే నా అభిప్రాయం.

రెండు మూడు రోజుల్లో నొప్పి, సీఆర్‌పీ (రక్తంలో వాపును చూపే పరీక్ష) తగ్గకపోతే మళ్లీ కడగాలి. దాన్ని ఫెయిలైన ఆపరేషన్ అనుకోవద్దు. మందులు మొదట నరంలోకి, తర్వాత గోలీలు, మొత్తం మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. వాపు దిగంగనే గోలీలు ఆపేస్తే తిరగబెడుతుంది. చీము బయటికి పోవడానికి కీలులో పెట్టిన గొట్టం (డ్రెయిన్) తీశాక మోకాలు మడిచే కసరత్తు వెంటనే మొదలుపెట్టాలి, లేకుంటే బిగుసుకుపోతుంది.