మంగళవార్త జపంలో రెండో సగం

అమ్మ పోయిన తరువాత జపమాల చెప్పడం నాకు చేతకాకుండా పోయింది. విశ్వాసం సడలి కాదు, కారణం చాలా చిన్నది. జపమాల పూసలపై మళ్ళీ మళ్ళీ చెప్పే మంగళవార్త జపాన్ని మా ఇంట్లో ఎప్పుడూ ఇద్దరం పంచుకునేవాళ్ళం. "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని అమ్మ మొదలుపెట్టి యేసు నామం దాకా చెప్పేది. "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా" అంటూ నేను అందుకునేదాన్ని. ఆమె వెళ్ళిపోయాక రెండు సగాలూ నేనే చెప్పుకోవలసి వచ్చింది. మొదటి సగం చివర అలవాటుకొద్దీ ఆగడం, ఎవరూ అందుకోరని గుర్తుకు రావడం, గొంతు పూడుకుపోయి మాలను దిండు కింద పెట్టేయడం, దాదాపు ప్రతి రాత్రీ ఇదే తంతు. సంవత్సరీకం దాటిన తరువాత, ఒక సెప్టెంబరు నెలలో మరియమాత దర్శనాలకు పేరొందిన ఫ్రాన్స్ పట్టణం లూర్దుకు నేను బయలుదేరినది ఆ స్థితిలోనే.

పారిస్ నుండి రైలులో సుమారు 5 గంటల ప్రయాణం. పిరనీస్ పర్వతాల పాదాల వద్ద దిగి పుణ్యక్షేత్రం వైపు నడుస్తుంటే, దారికి రెండు వైపులా నీలిరంగు కిరీటమే మూతగా అమర్చిన మరియమాత ఆకారపు ప్లాస్టిక్ సీసాలు వరుసలు తీరి కనిపించాయి. చూసి మనసు చివుక్కుమంది. మర్నాడు నేనూ ఒకటి కొన్నాను, అది వేరే సంగతి.

దర్శనాలు జరిగిన గుహ పేరు మాసబియెల్, అంటే అక్కడి పల్లెభాషలో ముసలి బండ అని అర్థం. గావ్ నది ఒడ్డున ఉన్న ఆ గుహ చుట్టూ ఒకప్పుడు పందులను మేపేవారట. 1858 ఫిబ్రవరి 11న 14 ఏళ్ళ బెర్నదెత్ సూబిరూ తన చెల్లెలితోనూ మరో స్నేహితురాలితోనూ కలిసి కట్టెలు ఏరుకోవడానికి వచ్చింది ఇక్కడికే. తండ్రి పిండిమర చేజారిపోవడంతో ఆ కుటుంబమంతా ఒకప్పుడు చెరసాలగా వాడిన ఒకే ఒక గదిలో తలదాచుకుంటున్న రోజులవి. ఆ పిల్లకు ఉబ్బసం ఉంది, చదువు రాదు. వచ్చినదల్లా జేబులో ఉన్న జపమాలను చెప్పుకోవడమే. బండ మధ్యలోని గూటిలో తెల్లని వస్త్రాలు ధరించిన ఒక వనితను చూసి, భయంతో మాలను తీసి సిలువ గుర్తు వేసుకోబోతే చెయ్యి పైకి లేవలేదనీ, ఆ వనిత తానే ముందుగా సిలువ గుర్తు వేసుకున్న తరువాతనే తన చెయ్యి నుదుటిని చేరిందనీ ఆమె ఆ తరువాత చెప్పింది. జూలై 16 వరకు మొత్తం 18 సార్లు ఆ దర్శనాలు కలిగాయి.

బెర్నదెత్ చెప్పిన వాటిలో నేను ఎన్నిసార్లు తలచుకున్నా తనివి తీరని వివరం ఒకటుంది. బెర్నదెత్ మంగళవార్త జపం చెబుతున్నంతసేపూ ఆ వనిత వేళ్ళ మధ్య పూసలు జరుగుతూనే ఉన్నాయి గానీ పెదవులు కదలలేదు. ప్రతి పది పూసల చివర చెప్పే త్రిత్వ స్తోత్రం వచ్చినప్పుడు మాత్రమే ఆమె గొంతు కలిపింది. వేదాంతపరంగా ఇందులో వింతేమీ లేదు, ఆ వనిత మరియమాతే గనుక తనకు తానే వందనం ఎవరు చెప్పుకుంటారు? నాకు మాత్రం ఇంకొకటి కనిపించింది. ఒక పేదపిల్ల ఒంటరిగా చెప్పుకునే జపానికి పక్కన మరొకరి పూసలు చప్పుడు లేకుండా జరుగుతూ ఉండడం. మాట సాయం లేదు, తోడు మాత్రం ఉంది.

గుహ లోపలికి వరుసలో వెళ్ళాలి. లక్షలాది చేతులు తాకి తాకి ఆ రాయి నల్లగా, నూనె రాసినట్లు నునుపుదేలింది. పైనుండి ఊరే తేమకు అరచేయి తడిసింది. నా ముందున్న పెద్దాయన తన చేతి రుమాలును ఆ తడికి అద్ది, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో గుండెకు ఆనేలా పెట్టుకున్నాడు. గుహ వెనుక భాగంలో అద్దం కింద దీపకాంతిలో ఊట కనిపిస్తుంది. ఇప్పుడది స్ఫటికంలా ఉంది గానీ, ఫిబ్రవరి 25న ఆ ఊట వద్ద తాగి, ముఖం కడుక్కోమన్న ఆ వనిత మాటకు లోబడి బెర్నదెత్ నేలను గోకినప్పుడు వచ్చినది బురద. మూడుసార్లు పారబోసి నాలుగోసారి తాగింది. ముఖమంతా మట్టితో లేచిన పిల్లను చూసి జనం పిచ్చిపట్టిందన్నారు. దివ్యానుగ్రహం తేటగానే వస్తుందని మనం ఎందుకు అనుకుంటామో తెలియదు. ఆ మధ్యాహ్నం స్నానఘట్టాల వద్ద ఇద్దరు స్వచ్ఛంద సేవకులు మౌనంగా నా దోసిట్లో ఆ నీటినే పోశారు. చేతులు, ముఖం కడుక్కొని, మిగిలినది తాగాను.

లూర్దు అనగానే అందరూ స్వస్థతల గురించే అడుగుతారు. ఇక్కడి వైద్య కార్యాలయంలో ఇంతవరకు 7,000కు పైగా స్వస్థతలు నమోదు కాగా, కతోలిక శ్రీసభ అద్భుతాలుగా ప్రకటించినవి 70కి కొంచెం పైన మాత్రమే. ఆ లెక్క చూసి నిరుత్సాహపడాలా, లేక ఇంత కఠినంగా పరీక్షిస్తున్నందుకు సంతోషించాలా అని నేను తటపటాయిస్తుండగానే నీలిరంగు గుడారపు కప్పు గల బండ్లలో రోగులు వరుసగా సాగిపోయారు. వారిలో చాలామంది ప్రతి ఏటా వస్తారని ఒక సేవకురాలు చెప్పింది. అదే రోగంతో వచ్చి, అదే రోగంతో తిరిగి వెళ్ళి, మళ్ళీ వస్తున్నారంటే వారికి ఇక్కడ దొరుకుతున్నది స్వస్థత ఒక్కటే అయి ఉండదు. ఈ లోకంలో సంతోషపెడతానని మాట ఇవ్వలేనని, పరలోకంలోనే ఇస్తానని బెర్నదెత్‌కు ఆ వనిత ముందే చెప్పింది. తరువాత నెవేర్ పట్టణంలోని కన్యాస్త్రీల మఠంలో చేరిన బెర్నదెత్ రోగాలతోనే జీవించి, 1879లో 35 ఏళ్ళకే కన్నుమూసింది.

రాత్రి 9 గంటలకు కొవ్వొత్తుల ప్రదక్షిణ మొదలైంది. చుట్టూ కాగితపు తొడుగు ఉన్న కొవ్వొత్తిని పట్టుకొని నేనూ నడిచాను. జపమాలలోని ఒక్కొక్క పది పూసలను ఒక్కొక్క భాషలో ప్రారంభిస్తారు. జనం ఎవరి భాషలో వారు రెండో సగం చెబుతారు. మొదటి సగం లూకా సువార్తలో గబ్రియేలు దూత, ఎలిజబెతమ్మ పలికిన వందనాలు. రెండో సగం శ్రీసభ చేర్చిన వేడుకోలు, ఇప్పటి రూపం 1568 నాటి రోమన్ ప్రార్థనల గ్రంథంతో స్థిరపడింది. ఇది ఎప్పుడో చదివినదే అయినా, మైకులో వినిపిస్తున్న తెలియని భాషకు నా నోరు దానంతట అదే "పరిశుద్ధ మరియమ్మా" అని బదులిచ్చినప్పుడు గానీ దాని అర్థం నాకు ఒంటబట్టలేదు. ఇంతకాలం నేను చెప్పలేకపోయింది అమ్మ సగం. నా సగం నా నోటనే ఉంది. "ఇప్పుడును, మా మరణ సమయమందును" అన్న మాటల వద్ద గొంతు వణికింది గానీ ఆగలేదు.

ప్రదక్షిణ ముగిశాక గుహ ఎదుట బల్లపై కూర్చున్నాను. జనం పలచబడ్డారు, నది చప్పుడు పెరిగింది. మాల తీసి, పైకి వినిపించీ వినిపించనట్లు, అమ్మ సగంతో మొదలుపెట్టాను. యేసు నామం వద్ద అలవాటుగా ఆగిపోయాను. పక్కనున్న వృద్ధురాలు, ఏ దేశమో ఏ భాషో తెలియదు, నా చేతిలోని పూసను చూస్తూ తన భాషలో మిగతా సగం అందుకుంది. తెలుగులో ఆమెకు అర్థమై ఉండగలవి మరియమ్మ, యేసు అన్న రెండు పేర్లే. అలాగే పది పూసలు గడిచాయి. త్రిత్వ స్తోత్రం ఇద్దరం కలిసి, ఎవరి భాషలో వారం చెప్పుకున్నాం. తరువాత ఆమె తన మాలను చేతికి తీసుకుని, నా వైపు తల ఊపి, ఈసారి మొదటి సగం తానే ప్రారంభించింది.