ఐదో బస్తా

పొద్దున ఆరింటికల్లా తోటలో ఉన్నాను. రాత్రి తుంపర పడింది, పాదుల్లో మన్ను ఇంకా తడిగానే ఉంది. మూడో సాలులో ఒక నిమ్మచెట్టు దగ్గర ఆగి లేత కొమ్మ వంచి చూశాను. ఆకు అడుగున మెలికలు తిరిగిన తెల్లటి గీత, నత్త పాకిన జాడలా మెరుస్తోంది. గోటితో ఆ పొర లేపితే చివర్లో పసుపుపచ్చ పురుగు, నలుసంత. పాముపొడ. పక్క చెట్టుకీ అంతే. ఇగురున్న ప్రతి చెట్టుకీ అంతే.

యూరియా వేసి నెలయింది. ఈ ఇగురు చూసే మొన్నటిదాకా మురిసిపోయాను. పొదలకూరు మార్కెట్‌కి పోయినప్పుడు నలుగురికీ చెప్పుకున్నాను కూడా, మా తోట కళకళలాడతా ఉందని. నత్రజని ఎక్కువైతే చెట్టు బలమంతా ఆకుకే పోతుంది. ఆ ఆకు మెత్తగా, రసం పట్టి ఉంటుంది, పురుగుకి కావలసింది అదే. అది తొలిచిన గాయంలోంచి గజ్జి తెగులు దిగుతుంది. మచ్చ పడిన కాయని మార్కెట్లో పక్కకి తోసేస్తారు. ఇదంతా నాకు తెలుసు. కానీ చెట్టుకి కిలోనే కదా వేశాం, ఎక్కువెట్లా అవుతుంది?

ఇంటికొచ్చి డబ్బా తీశాను. పాత కొలత డబ్బా తుప్పుపట్టి పోతే ఈ ఏడు పాలపొడి డబ్బా పెట్టాం. చూపుకి రెండూ ఒకటే. మా ఆవిడ దాన్ని నిండా పోసి కూరగాయల కాటా మీద పెట్టింది. 750 గ్రాములు. మళ్లీ పోసింది. అంతే. నేను అరకిలో అనుకున్న డబ్బా అది. చెట్టుకి రెండు డబ్బాలు, 150 చెట్లు. 150 కిలోలు అనుకున్నది 225 అయింది. సరిగ్గా ఐదు బస్తాలు.

నాలుగు తెస్తే మిగులుతుందనుకున్నాను. చాలక ఐదోది తెప్పించాను. ఆరోజు కూలికొచ్చిన పెద్దమ్మని అందరి ముందూ "పారబోస్తా ఉండారా ఏంది?" అన్నాను. డబ్బా అంచు చేత్తో చదును చేసి మరీ కొలిచిన మనిషిని. ఆమె బదులు చెప్పలేదు.

యూరియాలో 46 శాతం నత్రజని. ఎక్కువ పోసిన 75 కిలోల్లో 34 కిలోల పైనే. 45 కిలోల బస్తా సబ్సిడీ పోను 266 రూపాయల 50 పైసలకే వస్తోంది, అందుకే పోసేటప్పుడు చెయ్యి ఆగదు. మాది ఎర్ర ఇసుక నేల. మన్ను కప్పకుండా పైపైన చల్లింది కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది, చెట్టు తీసుకోగా మిగిలింది నైట్రేటై వాన నీళ్లతో కిందికి దిగుతుంది. మేం తాగేది ఈ తోట బోరు నీళ్లే. తాగే నీళ్లలో నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, పసిబిడ్డలకైతే మరీ ప్రమాదం. మా అమ్మాయి పురిటికొచ్చి ఇంట్లో ఉంది. రేపే నీళ్లు సీసాలో పట్టి పరీక్షకి పంపిస్తాను. ఫలితం వచ్చేదాకా బయటినుంచి క్యాన్.

ఇక ఈ సీజన్లో యూరియా గింజ కూడా పడదు. వచ్చే నెల నీళ్లు ఆపి చెట్లని వాడగొట్టాలి, అప్పుడే పూతొస్తుంది. వేసవి కాయకే కదా నాలుగు రూపాయలు. చెట్టు ఇట్లా ఇగురు మీదే ఉంటే పూతకి ఎప్పుడు తిరుగుతుందో, దాని గురించే టెన్షన్. మళ్లీ వేసేటప్పుడు మాత్రం కాటా వేసే వేయాలి, ఒకేసారి కాకుండా విడతలుగా. చెట్టు మొదలు దగ్గర కాకుండా కొమ్మల నీడ అంచున గాడి తీసి, మన్ను కప్పి, తేలిగ్గా తడి ఇవ్వాలి.

సాయంత్రం డబ్బా పట్టుకుని పెద్దమ్మ ఇంటికి పోయాను.

"నువ్వు సరిగ్గానే కొలిచావు పెద్దమ్మా. నేనే కాటా వెయ్యలేదు. ఆ మాట అని ఉండకూడదు."

డబ్బా చేతిలోకి తీసుకుని రెండుసార్లు ఎగరేసి చూసింది. "ఆ పొద్దే చెప్దామనుకున్నా నాయనా, పాతదానికన్నా ఇది బరువు తూగతా ఉందని. కోపంగా ఉండావని ఊరుకున్నా."

నేను ఆ మాట అన్నప్పటికి యూరియా పడని చెట్లు ఇంకా 30 మిగిలే ఉన్నాయి.