హోయ్‌షెల్‌హైమ్‌కి ఒక ఆదివారం

అక్టోబర్‌లో ఒక ఆదివారం పొద్దున్నే ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలెక్కి గంటలోపే గీసెన్‌లో దిగాను. కోటు లోపలి జేబులో మినాక్స్ బి అనే బుల్లి కెమెరా ఉంది. మైన్ నది ఒడ్డున శనివారాలు జరిగే పాత సామాన్ల సంతలో రెండేళ్ల కిందట కొన్నాను. ఎప్పటికైనా దాన్ని పుట్టిన ఊరికి తీసుకెళ్లాలని ఆ రోజే అనుకున్నాను.

ఆ ఊరి పేరు హోయ్‌షెల్‌హైమ్. గీసెన్ పక్కనే, లాన్ నదికి అవతల ఉంటుంది. బస్సు కోసం చూస్తే ఇంకా గంటకు గానీ లేదన్నారు. నడిచే వెళ్దామని బయల్దేరాను. గీసెన్‌లో పాత జర్మన్ ఊళ్ల అందం పెద్దగా కనిపించదు. 1944 డిసెంబర్ 6 రాత్రి బాంబులకు ఊరి నడిబొడ్డు మొత్తం కాలిపోయింది. ఇప్పుడున్న సిమెంటు భవనాలు చాలావరకు ఆ తర్వాత కట్టినవే. నది దాటగానే మంచు తెరలో పొలాలు, సైకిళ్ల దారి, దూరంగా చర్చి గోపురం కనిపించాయి.

నడుస్తున్నంతసేపూ ఈ కెమెరాను కనిపెట్టిన వాల్టర్ త్సాప్ గురించే ఆలోచిస్తున్నాను. 1905లో, ఇప్పటి లాట్వియా రాజధాని రీగాలో పుట్టాడు. ఇంజనీరింగ్ చదవలేదు. ఫోటోగ్రాఫర్ దగ్గర పని నేర్చుకున్నాడు. అప్పటి కెమెరాలన్నీ మోతబరువుగా ఉన్నాయనిపించి, పిడికిట్లో ఇమిడేది చేయాలనుకున్నాడు. ముందు ఒక చెక్కముక్కను చెక్కి, చేతిలో పట్టుకుని చూసి, ఏ కొలత హాయిగా ఉందో తేల్చుకున్నాడు. లెన్సు, షట్టరు, గేర్లు అన్నీ ఆ కొలతలో ఇమడాలన్నమాట. రీగాలో రేడియోలు, టెలిఫోన్లు చేసే వీఈఎఫ్ ఫ్యాక్టరీ ఒప్పుకుని 1938లో కెమెరాను బజారులోకి తెచ్చింది. స్టీలు ఒళ్లు, 8 మిల్లీమీటర్ల ఎత్తు, 11 మిల్లీమీటర్ల వెడల్పున్న నెగటివ్. మన చిటికెన వేలి గోరంత! ఆ తర్వాత యుద్ధం. 1940లో సోవియట్ సేన, 1941లో జర్మన్ సేన, 1944లో మళ్లీ సోవియట్ సేన. ఫ్యాక్టరీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. 'మేడిన్ యూఎస్‌ఎస్‌ఆర్' అని ముద్రపడిన మినాక్స్‌లు కూడా ఉన్నాయంటే ఆ గందరగోళం అర్థమవుతుంది.

యుద్ధం ముగిసిన 1945లోనే, ఇంటికి తలుపులుంటే కిటికీలు లేని రోజుల్లో, త్సాప్ జర్మనీలో, గీసెన్ దగ్గరి వెట్స్‌లార్‌లో మినాక్స్ కంపెనీ పెట్టాడు. మళ్లీ మొదటి స్క్రూ నుంచి మొదలు. 1948లో హోయ్‌షెల్‌హైమ్‌కి మారి తయారీ మొదలుపెట్టారు. డబ్బు పెట్టింది ఈ ఊరి చుట్టల కంపెనీ, రిన్ అండ్ క్లోస్. ఈ లోయలో అప్పటికే పొగాకు మీద బతికే కుటుంబాలు చాలా ఉండేవి. చుట్టల ఊరు కెమెరాల ఊరయింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

ఊళ్లో ఆదివారం నిశ్శబ్దం. బేకరీ బయట బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ కెమెరా బయటికి తీశాను. పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన చూపు దాని మీదే ఆగింది. కాసేపటికి ఉండబట్టలేక, "ఒకసారి ఇస్తారా?" అని అడిగారు. ఇచ్చాను. దాన్ని చూడకుండానే చెవి దగ్గర పెట్టుకుని, రెండు కొసలూ పట్టుకుని లాగి మళ్లీ నొక్కారు. మినాక్స్‌లో ఫిల్ము జరిగేది అలాగే. లాగితే వ్యూఫైండరు, లెన్సు తెరుచుకుంటాయి, నొక్కితే మూసుకుంటాయి. సన్నటి 'చిక్-చిక్' వినిపించింది. "గేర్లు శుభ్రంగా ఉన్నాయి" అని తిరిగిచ్చారు. పడుచు వయసులో కొన్నేళ్లు అదే ఫ్యాక్టరీలో కెమెరాలు బిగించారట. వేళ్లు లావుగా, గరుకుగా ఉన్నాయి. ఆ వేళ్లతో ఆవగింజంత స్క్రూలు ఎలా పట్టుకున్నారో! అడిగితే, "వేళ్లతో కాదమ్మా, ఊపిరి బిగబట్టి" అన్నారు.

ఆయనతో మాట్లాడుతుంటే లెన్సు సంగతి వచ్చింది. 1948లో వచ్చిన మోడల్లో ఐదు గాజు ముక్కల లెన్సు ఉండేది. అందులో చివరి గాజుకు ఫిల్ము నేరుగా ఆనుకునేది. గోరంత నెగటివ్ మీద ఎక్కడా మసక రాకూడదని అలా చేశారు. కానీ ఫిల్ము కదిలినప్పుడల్లా మధ్యలో ఒక్క దుమ్ము కణం చిక్కినా గీతే. అంత చిన్న నెగటివ్‌ను పెద్దది చేస్తే ఆ గీత ఫోటో అంతా పాకుతుంది. 1951 నాటికి కొత్త లెన్సు తెచ్చారు. నాలుగు గాజులే. పేరు కాంప్లాన్! చిన్నప్పుడు పాలల్లో కలుపుకున్న కాంప్లాన్ గుర్తొచ్చి నాకు ఆ పేరంటే మరీ ముద్దు. ఇందులో ఫిల్ము గాజును తాకదు. కాస్త వంపు తిరిగిన దారిలో కూర్చుంటుంది, లెన్సు ఆ వంపుకు సరిపోతుంది. గాజుతో తీర్చలేనిదాన్ని ఫిల్మును వంచి తీర్చారు. ఎంత తెలివి!

అది వచ్చేసరికి త్సాప్ కంపెనీలో లేడు. 1950లోనే విభేదాలతో బయటికొచ్చి స్విట్జర్లాండ్ వెళ్లిపోయాడు. రెండుసార్లు నిలబెట్టిన కెమెరా రెండుసార్లూ చేజారింది. 2003లో, తొంభై ఏడేళ్ల వయసులో పోయాడు. ఈ రోజు మినాక్స్ అనగానే అందరూ గూఢచారుల కెమెరా అంటారు. నాకు కష్టంగా ఉంటుంది. కెమెరా గొలుసుకున్న పూసలతో దూరం కొలిచి కాగితాలు ఫోటో తీసిన గూఢచారులు ఉన్నారు, నిజమే. కానీ ఆయన కోరుకున్నది మామూలు మనిషి జేబులో రోజూ ఉండే కెమెరా. ఇప్పుడు మన జేబుల్లో ఉన్నది అదే కదా.

మధ్యాహ్నం వెట్స్‌లార్‌కి వెళ్లాను. గీసెన్ నుంచి రైల్లో పది పన్నెండు నిమిషాలే. లైకా కెమెరాలు పుట్టిన ఊరు కాబట్టి జనమంతా దానికోసమే వస్తారు. నేను పాత రాతి వంతెన మీద నిలబడి, నాలుగు ఫోటోలు తీసుకుని తిరిగొచ్చాను.

ఇక్కడొక బాధ చెప్పాలి. మినాక్స్ ఫిల్ము ఇప్పుడు దొరకడం కష్టం. మామూలు 35 ఎంఎం ఫిల్మును సన్నగా కోసి డబ్బాలో చుట్టి అమ్మేవాళ్లున్నారు. నేను కొన్న డబ్బాలో అంచు వంకరగా కోశారు. ఇంటికొచ్చి బాత్రూంలో కడిగి చూస్తే చివరి పన్నెండు ఫోటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వంతెన ఫోటోలు రాలేదు. ఊపిరాడనంత టెన్షన్‌తో తక్కిన ముక్కను దీపానికి ఎత్తి, భూతద్దంతో చూశాను. పదిహేనో ఫోటో దగ్గర ఆగాను. బేకరీ బల్ల, కాఫీ కప్పు, దాని పక్కన ఆ పెద్దాయన చేతులు. గోరంత ఫిల్ములో వేళ్ల మీది ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు.